గేటు ముందు చెప్పులు

దుబాయ్‌లో డేరా అనే పేటలో ఒక గోదాము గేటు దగ్గర ముత్తెన్న కాపలా ఉండేవాడు. పొద్దున్నే ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని, టోపీ సర్దుకుని, స్టూలు ఉన్నా దాని పక్కనే నిలబడేవాడు. జగిత్యాల దగ్గరి ఊరికి పదకొండేళ్లు సర్పంచిగా చేసి, ఎనభై ఒకటి ఎన్నికల్లో పదమూడు ఓట్ల తేడాతో ఓడిపోయి ఇక్కడికి వచ్చినవాడు. గోదాము మేనేజరును అక్కడ ముదీర్ అంటారు; ఆయన కారు వస్తే సెల్యూట్ కొట్టాలి. కానీ కుడిచెయ్యి సగం లేచేసరికి ఎడమచెయ్యి కూడా వచ్చి కలిసేది, సెల్యూట్ కాస్తా దండమయ్యేది. లోపలికి వెళ్లే ప్రతి కూలీనీ ఇంటివాళ్ల పేర్లతో సహా పలకరించేవాడు, ఇంకా ఓట్లు అడుగుతున్నట్టు.

ఒక ఆగస్టు మధ్యాహ్నం కొత్త కూలీల వ్యాను వచ్చి ఆగింది. దిగినవాళ్లలో సొంత ఊరి భోజన్న ఉన్నాడు. ముత్తెన్నను గుర్తుపట్టగానే అలవాటుకొద్దీ చెప్పులు విడిచి, కాలే ఇసుకలో వట్టికాళ్లతో నిలబడ్డాడు.

"దండం సర్పంచ్ సాబ్. నేను నీకు ఓటెయ్యలే," అన్నాడు, అప్పుడే చెప్పకపోతే ఉండలేనట్టు.

"ఎరుకేరా. ముందుగాల చెప్పులేసుకో, కాళ్లు కాల్తయి."

భోజన్న కదల్లేదు. వెనక ముదీర్ కారు హారన్ కొడుతోంది. పదకొండేళ్లు తన గడప ముందు జనం చెప్పులు విడిచి ఎండలో నిలబడితే ఒక్కరినీ వేసుకొమ్మని అనని ముత్తెన్న, వంగి, ఆ రెండు చెప్పులూ చేత్తో తీసి భోజన్న పాదాల ముందు పెట్టాడు. అతను వేసుకున్నాకే కారు వైపు తిరిగి సెల్యూట్ కొట్టాడు. ఈసారి ఎడమచెయ్యి లేవలేదు. అది భోజన్న భుజం మీద ఉంది.