ఎండలో శాలువా

1984 జనవరిలో పర్చూరు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. హోదాలో సర్జన్ ఉన్నా, ఆ ఏడాది నేను కోసినవి సెగగడ్డలూ, పుచ్చకాయలూను.

ఫిబ్రవరిలో పురోహితులవారి కోడలు సుభద్రను రిక్షాలో తీసుకొచ్చారు. ఇరవై నాలుగేళ్లు, రెండో కాన్పై మూడు నెలలు. కింద కూర్చుంటే లేవలేదు. నడిస్తే బాతులా ఊగుతోంది. ముంగాలి ఎముక నొక్కితే కెవ్వుమంది.

"గాలి సోకిందండీ. వేసవి దాకా చూస్తాం, లేవకపోతే పుట్టింట్లో దింపేస్తాం. పెద్దపిల్ల మా దగ్గరుంటుంది" అన్నారు అత్తగారు. పెద్దపిల్ల మాత్రం తల్లి కొంగు వదల్లేదు.

గుంటూరులో తీయించిన ఎక్స్‌రేలో కటి ఎముకకు సన్నటి బీటలు కనిపించాయి. విటమిన్ డి చాలక ఎముక మెత్తబడే జబ్బు, ఆస్టియోమలేసియా. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే ఈ విటమిన్ కావాలి. దాన్ని ఎక్కువగా తయారుచేసేది ఎండ తగిలిన చర్మమే. నేరుగా కొలిచే పరీక్ష అప్పట్లో మాకు అందుబాటులో లేదు. ఎక్స్‌రే, రక్తపరీక్షలు చూసి నిర్ధారించేవాళ్లం.

"మా ఊళ్లో ఎండకేం కరువండీ? కళ్లాల్లో మిరపకాయలు గలగలలాడుతుంటే!" అన్నారు అత్తగారు.

"కాయల్ని ఆరబెట్టారు సరే, కోడల్ని ఆరబెట్టారా?" అన్నాను.

లేదట. రెండు కాన్పులూ చీకటి గదిలో, మధ్యకాలం వంటింట్లో.

విటమిన్ డి ఇంజెక్షన్లు పంపమని పైకి ఇండెంటు పెట్టి, కాల్షియం మాత్రలిచ్చి, రోజూ ఎండలో కూర్చోబెట్టమన్నాను. నెలయినా నొప్పి తగ్గలేదు. జబ్బునే తప్పుగా పోల్చానేమోనని ఇంటికి వెళ్లాను.

పక్కింటి రైతు కళ్లం అంచున, నులకమంచం మీద సుభద్ర. తలకు గుడ్డ, చెవుల్లో దూది, ముఖం సగం దాకా శాలువా. పైన అత్తగారు పట్టిన గొడుగు.

"మీరన్నట్టే ఎండలో పెట్టాం కదండీ! బాలింత, గాలి తగిలితే ఎట్లా?"

"ఎండ శాలువాకు బాగా పడుతోందమ్మా. దాని ఎముకలు గట్టిపడతాయి."

శాలువా ఊగింది. సుభద్ర నవ్వుతోందని అలా తెలిసింది.

పొద్దు కాస్త ఎక్కాక, చేతులూ కాళ్లూ బయటపెట్టి కూర్చోవాలని చెప్పాను. దూది ఉండనిచ్చాను, చెవులతో నాకు పనిలేదు. ఆ వారమే ఇంజెక్షన్లూ వచ్చాయి. వేసవి చివరికి సుభద్ర పీట మీంచి చెయ్యి ఆనించకుండా లేచింది. పుట్టింటి ప్రయాణం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇందులో ఎండ వాటా ఎంతో, ఇంజెక్షన్ వాటా ఎంతో నాకు తెలియదు. అత్తగారు ఘనతంతా దిష్టి తీసిన నిమ్మకాయకిచ్చారు.

అటుపైన సర్వీసంతా, ఎండ రాసినప్పుడల్లా ఎప్పుడు, ఎంతసేపు, ఒంట్లో ఏ భాగానికో మాత్రలకు రాసినంత వివరంగా రాశాను. రాసి ఊరుకోక, ఎలా కూర్చుంటారో ఒకసారి కూర్చుని చూపించమనేవాణ్ణి.