రెండిళ్లు దాచిన జ్వరం

జ్వరాన్ని దాచవచ్చునని మా ఇంటి స్త్రీలకు ఎవరు బోధించారో నాకు ఇప్పటికీ తెలియదు. ఉద్యోగకాలమంతా బడిపిల్లలచేత ఆరోగ్య సూత్రాలు వల్లె వేయించాను. అవి మా గడప దాటి లోపలికి రాలేదు.

తొంభైలలో ఒక వానాకాలం చివర మా అమ్మాయి తొలి కాన్పుకు భైంసాలోని అత్తగారింటి నుంచి చొప్పదండికి వచ్చింది. నేనప్పుడు పరీక్షల పర్యవేక్షణకు ఆదిలాబాదులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి కాన్పు జరిగి, తల్లీ బిడ్డా కరీంనగర్ ఆసుపత్రి నుంచి ఇంటికి చేరారు. మనవరాలిని చూడటానికి వియ్యపురాలూ వచ్చి ఉంది.

వారం తిరగకముందే పసిపాప పాలు తాగడం మానేసింది. ఒళ్లు కాలిపోతోంది; పొట్ట మీద ఎర్రని చుక్కలు. పక్షి నీడ పడిందని నా భార్య అంటే, తాయెత్తు కట్టించాలని వియ్యపురాలు అంది. వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. నేను కరీంనగర్ ఆసుపత్రికి జీపు మాట్లాడి అందరినీ ఎక్కించాను.

దారిలో నా భార్య నా చెవిలో చెప్పింది: కాన్పుకు ముందు అమ్మాయికి ఒళ్లు విరిచే జ్వరం వచ్చి తగ్గిందట. వియ్యపురాలికి తెలిస్తే తల్లిగారింట్లో సరిగా చూడలేదంటుందట. నన్ను నోరు విప్పవద్దంది.

డాక్టరమ్మ పాపను చూసి అడిగిన మొదటి ప్రశ్నే అది: నెలలు నిండినప్పుడు తల్లికి జ్వరం వచ్చిందా?

"ఏం రాలే డాక్టరమ్మా, మంచిగనే ఉండె," అంది నా భార్య.

"వచ్చింది," అన్నాను.

వియ్యపురాలు విరుచుకుపడుతుందనుకున్నాను. ఆమె కొంగు సర్దుకుని నేల చూసింది. అమ్మాయే విసుగ్గా నోరు తెరిచింది.

"జ్వరం భైంసలనే పట్టింది బాపూ. అత్తమ్మ అవ్వకు చెప్పకన్నది. ఈడికొస్తే అవ్వ అత్తమ్మకు చెప్పకన్నది. ఇగ నేనెవలకు చెప్పాలె?"

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. పగటిపూట కుట్టే దోమ వల్ల వచ్చే డెంగీ కావచ్చునని, తల్లి నుంచి కడుపులోని బిడ్డకు చేరి ఉంటుందని, నెత్తురు గడ్డకట్టించే కణాలు పడిపోతే ప్రమాదమని చెప్పింది. కాన్పునాడే ఈ మాట చెప్పి ఉంటే పాపను ఇంటికి పంపేదే కాదట.

పాప లోపల ఉంది. బయట బల్ల మీద ఇద్దరు వియ్యపురాళ్లూ దోమ ఏ ఊరిదన్న వాదనలో ఉన్నారు. మా నీళ్ల గోలెంలో పురుగులున్నాయని వియ్యపురాలు, వాళ్ల కూలరు నీళ్లు ఏడాదిగా మార్చలేదని నా భార్య. నేను లేచి దూరంగా వెళ్లి నిలబడ్డాను.

కొన్నాళ్లకు చుక్కలు మాసి, పాప పాలకోసం గట్టిగా ఏడ్చింది. ఆ సంతోషంలో ఇద్దరూ రాజీపడి, ఎవరడిగినా పసిపిల్లలకు మామూలుగా వచ్చే కామెర్లని చెప్పాలని తీర్మానించుకున్నారు.

తొట్టెల వేడుకలో అదే చెప్పారు. వచ్చిన ప్రతివారికీ నేను డెంగీ అని దిద్దుతూ తిరిగాను. పక్కింటావిడ నిండు చూలాలైన కూతుర్ని వెంట తెచ్చింది. ఆ పిల్ల కళ్లు ఎర్రబడి, గోడకు జారగిలబడి ఉంది. జ్వరమా అని అడిగాను.

"ఏం లేదు సార్, జర అలిసింది," అంది తల్లి.

నా భార్య వెళ్లి ఆ పిల్ల నుదుటి మీద చేయి వేసింది. ఒకసారి వియ్యపురాలి వైపు చూసి, నా వైపు తిరిగింది.

"కాలుతున్నది. జీపు పిలువుండ్రి."

నేను చెప్పులు వేసుకున్నాను.