మధులత గోళీల కంప్యూటర్

అశ్వారావుపేటలో లేత్ షాపు నడిపే మధులతకు ఎవరైనా "నీవల్ల కాదు" అంటే ఆ పూట అన్నం సయించదు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సులో చేరినప్పుడు అన్నారు. షాపు బోర్డు మీద తన పేరు రాయించుకున్నప్పుడూ అన్నారు. ఇప్పుడు ఆ అన్నవాళ్లే ట్రాక్టర్ సామాన్లు పట్టుకొచ్చి ఆమె బల్ల మీద కూర్చుంటున్నారు. ఆ సంగతి వాళ్లకు గుర్తు చేయకుండా వదిలేసేంత మంచితనం మాత్రం ఆమెకు లేదు.

తండ్రి సమ్మయ్య బొగ్గుబాయిలో పైకప్పు కింద దుంగలు నిలబెట్టిన మనిషి. బాయిలో దిగగానే కర్రతో కప్పు తట్టి, చప్పుడు విని, ఆ తర్వాతే అడుగు ముందుకు వేసేవాడు. బాగానే ఉందని పైవాళ్లు చెప్పినా వినేవాడు కాదు. మధులతకు సంక్రమించిన ఆస్తి ఈ అలవాటే. ఏ మిషన్ ముట్టుకున్నా ముందు తట్టి చూస్తుంది.

తను చేసిన గోళీల కంప్యూటర్‌నూ అలాగే తట్టి చూసేది. ఏటవాలుగా నిలబెట్టిన చెక్క పలక, దాని మీద అటూ ఇటూ ఒరిగే నాలుగు బిళ్లలు, పైనుంచి వదలడానికి పాత బేరింగుల్లోని గోళీలు. బిళ్ల ఎడమకు ఒరిగితే 'లేదు', కుడికి ఒరిగితే 'ఉంది'. ఒక్కో బిళ్లకు ఒక్కో విలువ: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. గోళీ తగిలిన బిళ్ల రెండో వైపుకు ఒరుగుతుంది; కుడి నుంచి ఎడమకు వాలితే మాత్రం ఆ గోళీ తర్వాతి బిళ్ల మీదికి దొర్లుతుంది. కుడికి ఒరిగినవి కూడితే జవాబు. పెద్ద కంప్యూటర్ కడుపులో జరిగేదీ ఇదేనని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేది. వినని వాడి పని ఆలస్యమయ్యేది.

అడవి మొదలయ్యే చోట ఒక బడి ఉంది. అక్కడి కంప్యూటర్లు పాడైపోయి బీరువాలో మూలుగుతున్నాయి. శనివారం శనివారం పిల్లలకు తన బొమ్మతో పాఠం చెప్తానని ఆమె హెడ్మాస్టర్ వెంకటరామారావును అడిగింది. ఆయన పెనుబల్లి రైతుబిడ్డ, నవ్వుతూనే కత్తి పెట్టే రకం.

"ఒక్క గంట ఇస్తానమ్మా. లెక్క తప్పిందా, మళ్లీ తేవద్దు. పిల్లలకు తప్పు నేర్పే బొమ్మ నాకొద్దు" అన్నాడు.

మధులత అప్పటికప్పుడే ఒప్పుకుంది. తన చేతిపని మీద ఆమెకు అంత ధీమా.

ఆ శనివారం బడి వరండాలో పలక నిలబెట్టి, బిళ్లలన్నీ తట్టి చూసుకుంది. పిల్లలు నాలుగు గోళీలు వదిలారు, తర్వాత మూడు. ఆఖరి గోళీకి మొదటి బిళ్ల కుడికి ఒరిగినట్టే ఒరిగి, మళ్లీ ఎడమకు వాలిపోయింది. ఏడు రావలసిన చోట ఆరు!

హెడ్మాస్టర్ కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. వేలితో బిళ్లను ఒక్క పోటు పొడిస్తే చాలు, శనివారాలన్నీ ఆమెవే. చెయ్యి అంతదాకా వెళ్లింది కూడా. తండ్రి మాట గుర్తొచ్చింది: "బాయిల తప్పు దాచినోడు తానొక్కడే పోడు బిడ్డా." చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆరు చూపెడుతున్నది సార్. తప్పు" అంది.

ఆయన నోరు తెరిచేలోపే, గంట ఇంకా కాలేదని గుర్తు చేసి పిల్లల వైపు తిరిగింది. "బొమ్మకు అబద్ధం ఆడుడు రాదు. మరి ఒకటి ఎటు పోయింది? మీరే దొరకబట్టుండ్రి."

ఇక పిల్లలు ఆగుతారా! బిళ్లలు ఊపారు, గోళీలు మార్చారు, పలక కింద దూరారు. తండా నుంచి వచ్చే గోరి అనే పిల్ల తన చేతిలోని గోళీని నేల మీద పెట్టింది. అది తనంతట తనే దొర్లుకుంటూ వాకిట్లోకి పోయింది.

"మేడం, నేలనే వంకరున్నది."

మధులత పకపకా నవ్వింది. బాయి మనిషి బిడ్డ కదా, కప్పు తట్టడమే నేర్చింది గాని కాళ్ల కింద చూడలేదు!

"వంకర కాదు, వాటం. వాన నీళ్లు నిలవకుండా నేనే దగ్గరుండి పెట్టించాను" అన్నాడు హెడ్మాస్టర్, కొంచెం రోషంగానే. అన్నాక తనే వంగి, పలక కాలు కింద పెంకు ముక్క దోపి, సరిచూసి, మళ్లీ వెయ్యమని గోరికి చెప్పాడు.

ఏడు వచ్చింది. ఆయన కుడికి ఒరిగిన బిళ్లలను తనే వేలితో కూడి చూశాడు.

"వచ్చే శనివారానికి మేస్త్రీని అడిగి వాటం చూసే రసమట్టం తెప్పిస్తాను. నువ్వు బొమ్మ తెచ్చుకో" అన్నాడు.

సాయంత్రం సమ్మయ్య ఫోన్ చేశాడు. ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు, అన్నీ తట్టి చూసినవా అని.

"కప్పు నేను చూసిన నాయినా" అంది మధులత. "నేల నా పిల్లలు చూసిన్రు."