వీడియో చాచా పూత

ఎవరైనా నన్ను ఫొటోకు నిలబెడితే "జర ఆగుండ్రి, పూత పెట్టలే" అనే మాట ఇప్పటికీ చెవిలో పడుతుంది. ఎనభైలలో, వీడియో కొత్తగా వచ్చిన రోజుల్లో, సిరోంచలో పెళ్లిళ్లు తీసే చాచా మాట అది. ఆయన దగ్గర ఒక గాజుబిళ్ల ఉండేది. దాని అంచులకు చిటికెన వేలితో వాజిలిన్ రాసి కెమెరా ముందు పట్టేవాడు. అప్పుడు మనిషి చుట్టూ మంచు కమ్మినట్టు వచ్చేది.

మా అక్క పెళ్లిలో పెళ్లికూతురికి పెట్టిన పూతనే వంటవాళ్లకూ, డప్పులవాళ్లకూ, మగపెళ్లివారిని ప్రాణహిత దాటించిన పడవవాడికీ పెట్టాడు. మా బాపుకు చిర్రెత్తింది.

"అందరికి ఎందుకు భాయ్? పిల్లకు పెడితే సాలదా?"

చాచా కెమెరా దించనేలేదు. "ఒక్కలకే పెడితే పెండ్లంత అతుకులు అతుకులు కనవడ్తది పటేలా. నా క్యాసెట్ల అతుకుండది."



కొన్నాళ్లకు చాచా మా వాకిట్లో టీవీ పెట్టి క్యాసెట్ వేశాడు. బాపు అడుగడుగునా వంకలు పెడుతూనే చూశాడు. ఆఖరున అక్క ఏడుస్తూ పడవెక్కింది. పడవ అవతలి ఒడ్డుకు కదిలింది.

"గిదేంది భాయ్, ఈడ పూత ఎక్కువైంది. పిల్ల మొకమే కనవడ్తలేదు," అన్నాడు బాపు.

మాకందరికీ అక్క ముఖం తేటగా కనిపిస్తూనే ఉంది.

"రేవుల బిళ్ల జారి పగిలింది పటేలా. గీ ఒక్క సీనుకు పూత పెట్టనేలే," అని చాచా తన రుమాలు తీసి బాపు చేతిలో పెట్టాడు.