పెద్దన్న వాటాకు ఓ ట్రస్టు

నాన్న పోయిన నెల తిరగకముందే పెద్దమనుషులు మా ఇంటి వసారాలో కూర్చుని ఆస్తి పంచేశారు. నాకు పసుపు కుంకుమల కింద ఇవ్వాల్సింది పెళ్ళప్పుడే ఇచ్చారు కాబట్టి నన్ను చాయ్ అందించడానికి మాత్రమే పిలిచారు. తమ్ముడి వాటా తేలిపోయింది. మిగిలింది పెద్దన్న వాటా. పెద్దన్నకు తల నెరిసింది గానీ మనసు చిన్నపిల్లాడి వయసు దగ్గరే ఆగిపోయింది. కలిపి పెడితే తింటాడు. ఇల్లందు బస్సు వచ్చే వేళకు గేటు పట్టుకుని నిలబడతాడు. డ్రైవరు హారను కొడితే ఆ రోజంతా ఖుషీ. అలాంటి మనిషి వాటా ఎవరు చూసుకోవాలి?

మా దిక్కు దీనికో రివాజు ఉంది. "ఎవలు అన్నం పెడితే ఆ వాటా వాళ్ళదే," అన్నాడు మా మేనమామ. అందరూ తలలూపారు. అమ్మ ఉన్నన్నాళ్ళు అది అమ్మ పేరు మీదే ఉంటుంది, అమ్మే పెడుతుంది, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అంత పాడు న్యాయం ఇంకోటి లేదని మాకు తర్వాత తెలిసింది.

ఎందుకంటే ఆ రోజు నుంచి పెద్దన్నకు పెట్టే ప్రతి ముద్దకూ ఊళ్ళో ఒక అర్థం పుట్టింది. పక్కింట్లోనే ఉండే తమ్ముడి భార్య, మా మరదలు, గారెలు వండి తెస్తే, "అవ్ మరి, పెద్దోని వాటా మామిడితోట మీద కన్ను" అన్నారు. అమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు నేను అన్నను ఖమ్మంలో మా ఇంటికి తీసుకెళ్తే తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. అన్న కూడా మాడ్చుకున్నాడనుకోండి. మా అపార్ట్‌మెంటు ముందుకు ఏ బస్సూ రాదు. బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని లిఫ్టు ఎదురుగా కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా "ఇంటికా?" అని అడిగేవాడు. తిండి సయించలేదు, కళ్ళు లోపలికి పోయాయి. అమ్మ కర్ర పట్టుకుని నడవగానే తీసుకెళ్ళి దింపాను. ఆ తర్వాత ఎవరైనా అన్నను వంతులేసుకుని చూసుకోమని సలహా ఇస్తే నాకు ఒళ్ళు మండేది.

అమ్మ మాత్రం దిగులుతో సగమైపోయింది. తను పోతే వాడిని ఇంటింటికీ తిప్పుతారు, వాటా చేతికొచ్చాక ఆ తిప్పడం కూడా మానేస్తారు. ఇదీ ఆమె భయం. నా మీదో తమ్ముడి మీదో అనుమానం కాదు. మేమూ ఎల్లకాలం ఉండం కదా.

మా ఆఫీసులో ఒకామె మాటలు రాని తన కూతురి కోసం కుటుంబ ట్రస్టు పెట్టిందని విని, అది రాసిచ్చిన వకీలమ్మ దగ్గరికే అమ్మను తీసుకెళ్ళాను. తమ్ముడూ వచ్చాడు. వచ్చాడంటే, కాపలాకు వచ్చాడు. ట్రస్టు అన్న మాట చెవిన పడగానే లేచి నిలబడ్డాడు.

"ట్రస్టంటే గుడికి రాసుడే గదా? రేపు మా తోటలకు మేం పోవాల్నన్నా టికెట్ కొనాల్నా ఏంది?"

"గుడికి కాదయ్యా, మీ అన్నకు," అని వకీలమ్మ నవ్వి, కూర్చోబెట్టి చెప్పింది. ఆస్తి ముగ్గురు నమ్మకస్తుల చేతిలో ఉంటుంది, కానీ వాళ్ళది కాదు. దాని మీద వచ్చేది అన్నకే ఖర్చుపెట్టాలి. అన్న బతికున్నంత కాలం అమ్మడానికి లేదు. అన్న తర్వాత మనవలందరికీ సమానంగా పోతుంది, ఎవరి తల్లి వండి పెట్టినా, పెట్టకపోయినా.

"మరి అన్నం పెట్టినోళ్ళకేమొస్తది?" అన్నాడు తమ్ముడు.

"ఖర్చు వస్తది. వాటా రాదు."

తమ్ముడు కుర్చీ వెనక్కి నెట్టి నా వైపు తిరిగాడు. ఇక గొడవే అనుకుని నేను కొంగు బిగించాను. "గిది ముందే ఎవలన్నా చెప్తే మా ఇంటామె గిన్ని మాటలు పడకపోవు గదక్కా," అన్నాడు. అన్నాళ్ళ నుంచి వాడితో ముక్తసరిగా మాట్లాడుతున్న నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

అడవి అంచున ఉన్న మెట్ట చెలకను కూడా ఇందులోనే కలపమంది అమ్మ. "కలిపెయ్యండి, ఎవడు చూస్తడు" అని మేనమామ ముందే నూరిపోశాడు. వకీలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అది ఏజెన్సీ భూమి, గిరిజనుల భూములు పోకుండా పెట్టిన చట్టం కింద ఉంది. బతికుండగా ఇలా ఇంకో చేతికి మార్చితే చెల్లదు. దానికి వేరే వీలునామా రాద్దామంది. ఏజెన్సీ బయట ఉన్న మామిడితోట, ఖమ్మంలో కిరాయికిచ్చిన గదులు అన్నకు చాలు. వకీలమ్మే అడ్డుపడకపోతే మామ తెలివికి మొత్తం దస్తావేజే కోర్టుల పాలయ్యేది.

అమ్మ షరతులు మొదలయ్యాయి. "వాన్ని ఆ ఇంట్లకెళ్ళి కదిలియ్యొద్దని రాయి బిడ్డా." రాసింది. "ఐతారం కోడికూర వండాలని రాయి." దస్తావేజులో కోడి ఎందుకమ్మా అని, అన్న ఇష్టాలన్నీ వేరే కాగితం మీద రాయించింది. నేనూ తమ్ముడూ కాక మూడో ట్రస్టీగా, చిన్నప్పుడు అన్నకు అఆలు నేర్పబోయి ఓడిపోయిన బడిపంతులును పెట్టుకున్నాం. అన్నకు ఆయనంటే ఇప్పటికీ భయం లేదు, అదే అర్హత.

రిజిస్ట్రేషన్ అయిన రోజు సాయంత్రం అందరం ఊరెళ్ళాం. మరదలు అన్నకు పప్పన్నం కలుపుతూ, "ఇగ నేను పెట్టేది ఉత్త అన్నమే వదినా," అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో.

మర్నాడు పొద్దున అమ్మ దేవుడి గూటి ముందు దీపం వెలిగించి, ఎంతకీ లేవలేదు. మోకాళ్ళు పట్టేశాయేమో అని దగ్గరికెళ్ళాను.

"తిట్టనంటే ఒకటి చెప్త," అంది. "మీ నాయిన పోయినప్పటి సంది దినాం ఒక్కటే మొక్కిన. నాకన్న ఒక్క దినం ముందు వీన్ని తీస్కపొమ్మని."

నేను పక్కనే కూలబడి ఆమె భుజం పట్టుకున్నాను.

"ఇయ్యాల అట్ల మొక్కబుద్ధి కాలే బిడ్డా. ఇంకేం మొక్కాల్నో తెలుస్తలేదు."