చెంచాడు నీళ్ల తర్వాత ఒక మాట

మా పెద్ద సిస్టర్ పోయారన్న కబురు పొద్దున్నే వార్డు ఆయా ఫోను చేసి చెప్పింది. "అన్నా, పెద్దమ్మ లేదన్నా" అంది. నా చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. తాగకుండా బల్ల మీద పెట్టాను. ఎందుకు పెట్టానో ఆమెతో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

బెంగళూరులో ఒక ఆసుపత్రి, అందులో నరాల జబ్బుల వార్డు. దుప్పట్లు, దూది, స్పిరిటు, రొట్టె, పాలు ఏ రోజువి ఆ రోజు లెక్క రాయడం నా ఉద్యోగం. బడి చదువు పెద్దగా లేదు. రాయడమూ కన్నడమూ నాకు నేనే నేర్చుకున్నాను. ఆమె ఆ వార్డుకు పెద్ద నర్సు, కోలారు వైపు తెలుగువారు. డాక్టర్లు కూడా పెద్ద సిస్టర్ అనే పిలిచేవారు. తలుపు దగ్గర మా ఇద్దరి బల్లలూ ఎదురెదురుగా ఉండేవి. నేను తక్కువ మాట్లాడతానని ఆమెకు నచ్చేది. "నువ్వు మాట్లాడవు కాబట్టి నీకు వినపడతాదప్పా" అనేవారు.

తొంభైలలో మా వార్డుకు పక్షవాతం వచ్చినవాళ్లే ఎక్కువ. పీణ్య ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు పడిపోయినవాళ్లు, కట్టడాల మీద పడిపోయినవాళ్లు. వెంట వచ్చినవాళ్లు ముందుగా చేసే పని నోట్లో నీళ్లు పోయడం. ఎండిన పెదాలు చూసి ఎవరు ఊరుకుంటారు? ఆ నీళ్లు పొలమారేవి. వెంటనే నడినెత్తి మీద తట్టి, "ఎవరో తలుచుకుంటాండారు" అనేవాళ్లు. మన ఇళ్లలో అందరం చేసేదే. కొద్ది రోజులకు ఆ మనిషికి జ్వరం, ఆయాసం. ఆ తర్వాత ఖాళీ అయిన మంచం మీద ఉతికిన దుప్పటి పరిచేవాళ్లు. ఆ దుప్పటి నా లెక్కలోకి వచ్చేది.

మూతి పడిపోయినప్పుడు ఒక్కోసారి లోపల గొంతు కూడా పడిపోతుందని, నీళ్లు కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారతాయని ఆమే మాకు చెప్పారు. ఒకసారి ఒక కొడుకు తండ్రి నెత్తి తడుతుంటే వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఈ వార్డులో పొలమారితే తలుచుకునేది మీవోళ్లు గాదప్పా."

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, చాలాసేపు ఆ చేతినే చూసుకున్నాడు.

పెద్ద డాక్టరు గారు ఏదో సమావేశానికి వెళ్లి వచ్చి, మంచి వైద్యం జరుగుతోందో లేదో కొలిచి చూసే పద్ధతులు వచ్చాయని చెప్పారు. పక్షవాతం రోగి నోట్లో ఏదైనా పోసేముందు, మింగగలడో లేదో ఎంతమందికి పరీక్షించారన్నది అందులో ఒక కొలత. చెంచాడు నీళ్లిచ్చి కనిపెట్టి చూడడమే ఆ పరీక్ష. పెద్ద సిస్టర్ ఆ ఒక్క కొలతను పట్టుకున్నారు. నల్లబోర్డు తెప్పించి, గళ్లు గీసి, తలుపు ఎదురుగా తగిలించారు. పరీక్ష చేస్తే మంచం నంబరు పక్కన తెల్ల గీత. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి జ్వరం వస్తే ఎర్ర చుక్క.

ఆసుపత్రి ఆఫీసు చూసే ఆయనకు అది నచ్చలేదు. "మన తప్పులు మనమే గోడకు తగిలిస్తామా సిస్టర్?"

"ఈడ తగిలించకపోతే మార్చురీలో ఉంటాయి సార్. ఆడికైతే మీరు రారు."

కొన్ని నెలలకు బోర్డంతా తెల్ల గీతలే. పెద్ద డాక్టరు గారు సంతోషించి మైసూరుపాకు తెప్పించారు. పెద్ద సిస్టర్ తన ముక్కను కాగితంలో చుట్టి నా బల్ల మీద పెట్టేశారు.

"గళ్లన్నీ గీతలతో నిండినాయి. చుక్కలు మాత్రం అట్లనే ఉండాయి. ఈ బోర్డు చూస్తే నాకు భయమైతా ఉండాదప్పా" అన్నారు.

ఆ భయం ఏమిటో తర్వాతి వారం తెలిసింది. మదనపల్లె వైపు గార పని మేస్త్రి ఒకాయనకు, యలహంక దగ్గర పని మీద ఉండగా కుడి పక్క పడిపోయింది. భార్య మంచం పక్కన కింద కూర్చుని ఉండేది. ఏమన్నా తాపచ్చునా అని ఆయాను అడిగింది. ఆయా బోర్డు చూసి, తెల్ల గీత ఉంది, పరీక్ష అయినట్టే, తాపమంది. ఆమె రాగి అంబలి తాపింది. ఆయనకు ఒక్కసారి కూడా పొలమారలేదు. "ఎంత బాగా తాగినాడో సూడు అక్కా" అని పక్క మంచాలవాళ్లకంతా చెప్పుకుంది.

ఆ వారంలోనే ఆయన పోయాడు. వచ్చినవాళ్లంతా గోలగా ఏడుస్తుంటే ఆమె ఏడవలేదు. పెద్ద సిస్టర్ దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది.

"నేను తాపిన అంబలికేనా తల్లీ?"

పెద్ద సిస్టర్ ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడ్డారు. "నువ్వు గీత చూసి తాపినావు. గీత పెట్టినోళ్లం మేము" అన్నారు.

పరీక్ష చేయకుండానే ఆ గీత పెట్టింది కొత్తగా చేరిన ఒక నర్సు. రెండు డ్యూటీలు కలిపి చేస్తోంది ఆ అమ్మాయి. బోర్డులో ఖాళీ కనిపిస్తే మాట వస్తుందని, తర్వాత చేద్దామని గీసేసింది. అట్లా గీసింది ఆమె ఒక్కతే కాదని అందరికీ తెలుసు. గోడవైపు తిరిగి ఏడుస్తుంటే పెద్ద సిస్టర్ భుజం మీద చెయ్యి వేశారు. తిట్టలేదు.

"ఏడ్చింది చాలు. రేపట్నుంచి ఈ బోర్డు మీద గీత లేదు."

మర్నాడు గీత గడిలో మాట రాయమన్నారు. చెంచాడు నీళ్లు మింగాక రోగి చేత ఒక మాట అనిపించాలి. ఆ మాటే గడిలో రాయాలి. తడిగా గురగురమంటూ వస్తే దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాలి. ఇక నోట్లో ఏమీ పోయకూడదు.

"పొలమారినోడు అదృష్టవంతుడమ్మా. వాని గొంతు అరిచి చెప్తాది. పొలమారనోని గురించే నా భయం. వాని మాట వినాల. మనిషి పక్కన నిలబడకుండా ఆ మాట రాయలేరు" అని నర్సులకు చెప్పారు.

ఏం మాట అనిపించాలని వాళ్లడిగితే, ఏం తినాలని ఉందో అడగమన్నారు. దానితో మా బోర్డు నిండా తిండి పేర్లే: ఉగ్గాని, సంగటి, రాగి ముద్దె, బిసిబేళె బాత్. మాట రానివాళ్లకు వాళ్లు చేసిన శబ్దమే రాసేవాళ్లు. పెద్ద డాక్టరు గారు రౌండ్సుకు వచ్చి, "ఇది వార్డా, హోటలా సిస్టర్?" అన్నారు.

"హోటలే సార్. శానామందికి వడ్డించేదే లేదు."

మొదట్లో బోర్డంతా ఎర్ర సున్నాలే. అప్పుడే ఆమె ముఖం కాస్త తేటపడింది. పోనుపోను జ్వరాల చుక్కలు తగ్గాయి. తగ్గాయని ఎవరైనా ఆమెతో అంటే, "తగ్గినాయంటే ఇంకా ఉండాయనే గదా" అని వెళ్లిపోయేవారు.

ఆమెకు కాఫీ అంటే ప్రాణం. ఏ గంటకు తాగినా, మొదటి గుక్క మింగి, ఆగి, పైకి ఒక మాట అనేవారు. "కాఫీ బాగుండాది." తన గొంతును తానే వినేవారు. మేం నవ్వేవాళ్లం. ఆమె నవ్వేవారు కాదు. రిటైరయ్యాక ఎప్పుడైనా ఇంటికి వెళ్తే అదే తీరు. గుక్క, మౌనం, మాట. ఆ మౌనంలో నేనూ ఊపిరి బిగబట్టేవాణ్ణి.

పోయిన నెల ఆమెను అదే వార్డుకు తీసుకువచ్చారు. ఎడమ పక్క పూర్తిగా పడిపోయింది. మేనకోడలు గ్లాసు పట్టుకుని, "అత్తకు గొంతు ఎండిపోతా ఉంది, ఒక్క గుక్క పోస్తాను" అంటోంది. ఇప్పుడు వార్డుకు పెద్ద నర్సు ఆనాడు గోడవైపు తిరిగి ఏడ్చిన అమ్మాయే, ఆమెను అందరూ సిస్టర్ అని మాత్రమే పిలుస్తారు. గ్లాసు తీసుకుని పక్కన పెట్టి, చెంచాతో తానే నీళ్లు పోసింది.

పొలమారలేదు. మేనకోడలు ఊపిరి పీల్చుకుంది. "చక్కగా మింగింది కదా."

సిస్టర్ కదల్లేదు. "ఏం తినాలని ఉంది మేడమ్?"

"కాఫీ."

ఆ మాట నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు వచ్చింది. నేను విన్నాను. పెద్ద సిస్టర్ కూడా విన్నారు, ఆమె కళ్లలో అది కనిపించింది. ఆ కళ్లు మా మీంచి జరిగి సిస్టర్ చేతి మీద ఆగాయి. గడిలో ఏం రాస్తారోనని ఒకప్పుడు నర్సుల చేతులు చూసినట్టే. సిస్టర్ వెళ్లి గడిలో 'కాఫీ' అని రాసింది. ఎర్ర సుద్ద తీసుకుని చుట్టూ సున్నా చుట్టింది. పెద్ద సిస్టర్ కళ్లు మూసుకున్నారు. ముక్కులోంచి గొట్టం వేశారు. ఆ తర్వాత ఆమె నోట్లో నీటి చుక్క పడలేదు. చివరికి గుండె ఆగి చనిపోయారు. ఊపిరితిత్తుల్లో మాత్రం నెమ్ము చేరలేదని సిస్టర్ నాతో పదేపదే చెప్పింది.

కబురు తెలిసిన రోజే వార్డుకు వెళ్లాను. ఆ మంచం మీద అప్పటికే వేరే ఎవరో ఉన్నారు. బోర్డు తుడిచి కొత్తగా రాశారు. ఆమె గడిలో ఇప్పుడు తెల్లగా 'ముద్దె' అని ఉంది. పాత ఎర్ర సున్నా తడిగుడ్డకు పూర్తిగా పోలేదు. కొత్త మాట చుట్టూ పలచగా మిగిలి ఉంది.

"ఆ సున్నా పాతదా, కొత్తదా సిస్టర్?" అని ఆయా అడిగింది.

సిస్టర్ బోర్డు వైపు చూసి, చెంచా తీసుకుని మళ్లీ ఆ మంచం దగ్గరకు నడిచింది.