ఒకే పేరు, ఒకే ఫోన్ నంబరు

చెన్నై పురసవాక్కంలో బట్టల కొట్ల వెనక సందులో ఉన్న రక్తపరీక్షల కేంద్రంలో నాది పెద్దగా మాట్లాడే పని కాదు. అందుకే ఒప్పుకున్నాను. ప్రతి పరీక్షకీ ఒక కోడు ఉంటుంది. ఏ ఊరి ఆసుపత్రి కంప్యూటరైనా ఆ కోడు చదివి, ఇది ఫలానా పరీక్ష అని గుర్తుపడుతుంది. నేను రిపోర్టును ఆ కోడుల్లో నింపి, మా డాక్టరు డిజిటల్ సంతకం పడ్డాక పంపుతాను. దారిలో ఎవరూ విప్పి చూడలేరు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఎంత నిశ్చింతగా అనిపించిందో డైరీలో రాసుకున్నాను కూడా.

ఆ ఉదయం ఒకావిడ రిపోర్టు కాగితం కోసం వచ్చింది. ముందురోజు ఆమె భర్త రక్తం ఇచ్చి వెళ్ళాడు. కాగితం చూసి కళ్ళజోడు సవరించుకుంది.

"ఏం పాపా, పైన షుగరు, కిడ్నీ జబ్బు అని వేసినావే? మా ఆయన మైసూరుపాకులు డబ్బాలు డబ్బాలు ఖాళీ చేస్తాడు. ఆ జబ్బులు మా బావగారివి. ఈయన పెదనాయన కొడుకు."

"పేరు, ఫోన్ నంబరు అవేనక్కా..."

"ఆ పేరు మా ఇంట్లో ముగ్గురికి ఉండాది. మనవళ్ళందరికీ తాత పేరే పెట్టినారు. నంబరు అంగడిది, అందరూ అదే ఇస్తారు."

నిన్న ఆ నంబరు కొడితే తెరమీద రెండు వరసలు వచ్చాయి. అందరి ముందూ గట్టిగా పుట్టిన తేదీ అడగడానికి మొహమాటపడి, మొదటి వరస నొక్కాను. ఈవిడ భర్త రిపోర్టు ఆమె బావగారి వివరాలతో, ఆయన చూపించుకునే ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

"మీ బావగారు ఇప్పుడెక్కడున్నారు?"

"ఆసుపత్రిలో. స్కానింగుకని పొద్దున్నే పిలుచుకొని పోయినారు."

ఆ స్కానుకు నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. కిడ్నీలు బాగాలేనివాళ్ళకు అది హాని చేయొచ్చు. అందుకే ముందు రిపోర్టు చూస్తారు. ఇప్పుడు వాళ్ళకు కనిపించేది నేను పంపిన మంచి కిడ్నీల రిపోర్టు.

సవరణ పంపాను. 'చేరింది' అని వచ్చింది. చేరింది సరే, చూసేదెవరు? నిన్నటి తప్పు కూడా అంతే భద్రంగా చేరింది.

నేను ఎవరికైనా ఫోన్ చేయాలంటే చెప్పాల్సింది ముందు రాసుకుంటాను. అలవాటుగా కాగితం తీశాను. ఆవిడ లాగేసుకుంది.

"ఈడ రాసేదేంది? మాట్లాడు!"

ఆసుపత్రిలో ఫోన్ ఎత్తినామె తమిళంలో లైన్లో ఉండమంది. ఏదో సంగీతం మొదలై, అయిపోయి, మళ్ళీ మొదటికి వచ్చింది. చివరికి స్కానింగు గదిలో ఎవరో ఎత్తారు.

"ఆ మందు ఇవ్వద్దు! ఆ రిపోర్టు ఆయనది కాదు!"

బెంచీల మీదివాళ్ళంతా నావైపు తిరిగారు. ఏ భాషలో అరిచానో నాకు గుర్తులేదు. పేరు, పుట్టిన తేదీ ఆవిడ అందిస్తుంటే చెప్పాను. అవతల ఎవరినో కేకేసి అడిగారు.

"సూది గుచ్చాం. మందు ఇంకా ఎక్కించలేదు. ఆపేస్తున్నాం. డాక్టరుగారికి చెప్తాను."

ఆవిడ కుర్చీలో కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంత గొంతు పెట్టుకొని, నిన్న మా ఆయన్ని పుట్టినదినం అడగలేకపోతివా?"

ఆ మాట తిట్టో కాదో, ఆమె మొహం చూసి తెలుసుకునే ధైర్యం లేకపోయింది. వెనక నిలబడ్డ పెద్దాయన చీటీ ముందుకు జరిపాడు. పుట్టిన తేదీ అడిగాను. వినబడలేదన్నాడు. మళ్ళీ అడిగాను.